పేషెంట్లకు బొమ్మలు గీసి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అమలాపురం దగ్గర పల్లెలో చిన్న క్లినిక్ నాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీపీ, షుగర్ వాళ్లే, చదవడం రానివాళ్లూ ఉంటారు, అందుకని మందుల చీటీ వెనకాలే బొమ్మలు గీసి చెప్తున్నాను. రక్తనాళం గీస్తే ఎవరికీ ఎక్కలేదు గానీ, పంట కాలువ గీసి, గుర్రపుడెక్క అడ్డం పడితే శివారు చేలకు నీరందదు కదా, గుండెకూ అంతే అంటే రైతులు ఠక్కున పట్టేశారు. (నా బొమ్మల్లో కుదిరింది ఆ గుర్రపుడెక్క ఒక్కటే!)

చిక్కల్లా మాత్రల దగ్గరే. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు వేసిస్తే ఒక మామ్మగారు అమావాస్యకి మాత్ర మానేశారు, "ఆ రోజు చంద్రుడు రాడు కదండీ" అని. నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇప్పుడు అన్నం కంచం, మంచం గీస్తున్నాను, ఇది నయమేనా?

ఇంకోటి, ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదని, అంటే అన్నీ కలిపి ఒక టీ చెంచా అని బొమ్మలో ఎలా చూపించాలి? ఆవకాయ జాడీ మీద ఇంటూ కొడితే మొహం ముడుచుకుంటున్నారు. షుగర్ పుళ్ల ఫొటోలు చూపిస్తే బెదిరిపోయి మళ్లీ రావట్లేదు కూడా. మీరు వాడే బొమ్మలుంటే పెట్టండి, చేత్తో గీసినవైనా సరే.