ఆరోగ్యశ్రీ లిమిట్ పెంచడం మేలా, ఆ డబ్బు పీహెచ్‌సీలకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి) పెట్టడం మేలా?

గోదారి గట్టు:
2023 డిసెంబర్‌లో ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ కింద ఫ్రీగా వైద్యం చేసే లిమిట్ 25 లక్షలు చేశారు, అదే నెలలో తెలంగాణలో 5 నుంచి 10 లక్షలకి పెంచారు. వినడానికి బానే ఉంది. కానీ మా ఊళ్ళో 25 లక్షల జబ్బు ఎంతమందికొస్తుంది చెప్పండి? మా పెదనాన్నకి షుగరు, పీహెచ్‌సీలో బిళ్ళలు ఉన్న నెల వేసుకునేవాడు, లేవంటే మానేసేవాడు, బయట కొందామంటే కూలి డబ్బుల్లో అది ఎప్పుడూ చివరి ఖర్చే కదా, అలా ఆరేళ్ళు లాగి కాలికి పుండు పడి బొటనవేలు తీసేశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఫ్రీగానే తీశారు. వేలు పోయేదాకా ఎవరూ పట్టించుకోలా, తీసేటప్పుడు మాత్రం రూపాయి అడగలా. నేనైతే లిమిట్ పెంపుకి వ్యతిరేకం.

పాలమూరు పోరడు:
అన్నా గట్లంటే ఎట్ల. 2007ల ఈ స్కీమ్ మొదలైందే మా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలల్ల. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే సీఎం రిలీఫ్ ఫండ్ కోసం ఎమ్మెల్యే ఇంటి ముంగట పొద్దుగాల నుంచి నిలబడుడు, లేకుంటే ఉన్న ఎకరం అమ్ముడు. మా చిన్నాయన బిడ్డకు గుండెల రంధ్రం ఉండె, కార్డు రాకపోతే ఆ పిల్ల ఇయ్యాల డిగ్రీ సదువుతుండెనా? పెద్ద జబ్బు నూటికి ఒక్కరికే వస్తది, కానీ వచ్చిన ఇల్లు మొత్తం మునుగుతది.

మాజీ మిత్ర:
నేను ఆరోగ్యమిత్రగా (హాస్పిటల్‌లో ఈ స్కీమ్ పేషెంట్లకి సాయం చేసే ఉద్యోగం) కొన్నాళ్ళు చేశాను కాబట్టి ఒక మాట. చాలామందికి తెలియంది ఏంటంటే ప్యాకేజీలో ఆపరేషన్ ఒక్కటే కాదు, టెస్టులు, మందులు, పేషెంట్‌కి భోజనం, డిశ్చార్జ్ అయ్యాక ఇంటికెళ్ళే ఛార్జీ కూడా ఉంటాయి. నేనున్న చోట (పేరొద్దు) ఆ ఛార్జీ సంగతి పేషెంట్‌కి చెప్పేవాళ్ళే కాదు, పైగా "ఈ ఇంజెక్షన్ స్కీమ్‌లో లేదమ్మా" అని కౌంటర్‌లో కట్టించుకునేవాళ్ళు, రసీదు అడిగితే తెల్ల కాగితం మీద అంకె రాసి ఇచ్చేవాళ్ళు. ఇంకోటి, ప్రభుత్వం బిల్లులు నెలల తరబడి ఆపితే నెట్‌వర్క్ హాస్పిటల్స్ (స్కీమ్‌లో చేరిన హాస్పిటల్స్) సేవలు ఆపేస్తామంటాయి, రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం ఇది. లిమిట్ 10 అయినా 25 అయినా ఆ వారం గేటు దగ్గరికొచ్చినోడికి సున్నానే.

కవిటి కుర్రోడు:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కిడ్నీ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదండీ. మా బావకి వారానికి మూడు రోజులు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, తోడుగా మా అక్క వెళ్తుంది, అంటే వారంలో మూడు రోజులు ఇద్దరికీ పని లేనట్టే. డయాలసిస్ పేషెంట్లకి నెలకి 10,000 పెన్షన్ వస్తుంది, 2023లో పలాసలో 200 పడకల హాస్పిటలూ కిడ్నీ రీసెర్చ్ సెంటరూ పెట్టారు, కాదనను, ఆ పెన్షన్ లేకపోతే మా అక్క ఇల్లు నడవదు.

అయితే గోదారి గట్టు గారూ, మీ పెదనాన్న లెక్క మా దగ్గర పూర్తిగా సరిపోదు. ఇక్కడ షుగరూ బీపీ లేనోళ్ళకి కూడా కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. బిళ్ళలిస్తే ఆగే జబ్బు కాదు. కానీ ఏటా క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చేసుంటే మా బావది ముందే తెలిసేది, నొప్పి బిళ్ళలు మింగడమైనా మానేవాడు. కాళ్ళు వాచాకే కదా తెలిసింది.

గోదారి గట్టు:
కవిటి బ్రదర్, సారీ, ఆ కోణం నేను ఆలోచించలేదు. నేను అనేదీ చివరికి అదే అనుకోండి, టెస్ట్ పీహెచ్‌సీలో జరగాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనే రాశారు, హెల్త్‌కి పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు ప్రైమరీ కేర్‌కి పోవాలని, రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతం పైన పెట్టాలని. కాగితం మీద అన్నీ ఉంటాయి మనకి.

పాలమూరు పోరడు:
పీహెచ్‌సీకి పైసలిస్తే డాక్టర్ వచ్చి ఉంటడా? మా మండలంల పన్నెండు దాటినంక తాళమే కనిపిస్తది.

తెల్లకోటు:
నేను ఏజెన్సీ ఏరియా పీహెచ్‌సీలో డ్యూటీ చేశా కాబట్టి కొంచెం నొచ్చుకుంటూనే రాస్తున్నా. ఏజెన్సీలో 20 వేల జనాభాకి ఒక పీహెచ్‌సీ అని నార్మ్, మైదానంలో 30 వేలు. నాకు క్వార్టర్ ఉంది, కరెంటు లేదు. నర్సు రెండో కాన్పుకి సెలవు పెడితే ఆమె బదులు ఎవరూ రాలేదు, రాత్రి కాన్పులు నేనూ ఆయమ్మా కలిసి చేసేవాళ్ళం. తాళం వేసుకుని పోయే డాక్టర్లు లేరని అనను, ఉన్నారు, మీరు చెప్పింది నిజమే. కానీ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతి చూడండి, శాంపిల్ ఇక్కడ తీసి హబ్‌కి, అంటే పెద్ద ల్యాబ్‌కి, పంపితే రిపోర్ట్ వస్తుంది, పేషెంట్ పైసా కట్టక్కర్లేదు. దానికి నేను స్పెషలిస్ట్‌ని కానక్కర్లేదు కదా. లిమిట్ 10 దగ్గరే ఆపి మిగతాది ఇలాంటి వాటికీ ఒక నెలకి సరిపడా బిళ్ళలకీ పెట్టమనే నా ఓటు. గుండె ఆపరేషన్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు, పాలమూరు తమ్ముడి మాట కరెక్ట్.

మాజీ మిత్ర:
సార్, బిళ్ళలు నెలకి సరిపడా ఒకేసారి ఇస్తున్నారా మీ దగ్గర? మా ఊళ్ళో పది రోజులకే ఇచ్చి మళ్ళీ రమ్మంటున్నారు, ఆటోకి పోనూ రానూ 60 అవుతుంది. ఆ లెక్కన మెడికల్ షాపులో కొనుక్కోవడమే చవక.