పాత కోడ్‌లో కంటైనర్ క్వెరీలు పెట్టొచ్చా? లీడ్ వద్దంటున్నారు

మారతహళ్లి పీజీ
అందరికీ నమస్తే. ఇక్కడ బెంగళూరులో ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక చిన్న కంపెనీలో ఫ్రంటెండ్ చేస్తున్నాను. మా కోడ్ అంతా సాస్ (సీఎస్ఎస్‌గా మారే భాష), బూట్‌స్ట్రాప్ 4, జేక్వెరీ. డాష్‌బోర్డ్‌లో ఆర్డర్ కార్డ్ ఒకటుంది, అదే కార్డ్ మధ్యలో వెడల్పుగా, సైడ్‌బార్‌లో ఇరుగ్గా రావాలి. మీడియా క్వెరీ స్క్రీన్ వెడల్పే చూస్తుంది కదా, అందుకని సైడ్‌బార్ కోసం వేరే క్లాసులు, అవీ చాలక జావాస్క్రిప్ట్‌తో వెడల్పు కొలిచి క్లాస్ మార్చడం, సైడ్‌బార్ మూసి తెరిచిన ప్రతిసారీ కార్డ్ ఒక్క క్షణం అదరడం. స్క్రీన్‌ని కాకుండా చుట్టూ ఉన్న పెట్టె వెడల్పు చూసి స్టైల్ మార్చే కంటైనర్ క్వెరీలు పెడితే ఇదంతా తీసేయొచ్చని చదివాను. లీడ్‌ని అడిగితే పాత ఫోన్లలో పేజీ పాడైపోతుంది, ఇంకో రెండేళ్లు ఆగుదాం అన్నారు. ఇంటర్వ్యూలకు వెళ్తే మాత్రం ఇవే అడుగుతున్నారు. ప్రొడక్షన్‌లో పెట్టొచ్చా? లేక మొత్తం వదిలేసి టెయిల్‌విండ్ అనే సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్‌కి మారడం మేలా?

కోరమంగళ ఫ్రంటెండ్
పెట్టేయండి. మీ లీడ్ ఆగుదామంటున్న రెండేళ్లు ఎప్పుడో అయిపోయాయి. క్రోమ్‌లో 2022 ఆగస్టులో, సఫారీలో ఆ సెప్టెంబర్‌లో వచ్చాయి, చివరికి ఫైర్‌ఫాక్స్‌లో 2023 ఫిబ్రవరిలో వచ్చాయి. ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ చేరి 30 నెలలు దాటిన ఫీచర్‌ని బేస్‌లైన్ (ఏ ఫీచర్ బ్రౌజర్లన్నిటిలో వచ్చిందో చెప్పే జాబితా) లెక్కలో ఇక ధైర్యంగా వాడుకోవచ్చనే కేటగిరీలో వేస్తారు, ఇది 2025లోనే ఆ గీత దాటింది. లీడ్‌కి ఆ బేస్‌లైన్ పేజీ చూపించండి, మాటలతో వాదించడం కంటే అదే పని చేస్తుంది.

రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. వెడల్పు చూడాల్సిన పెట్టె ఇదీ అని చెప్పే కంటైనర్ టైప్ ఇన్‌లైన్ సైజ్ అన్నది కార్డ్ చుట్టూ ఉన్న డివ్ మీద పెట్టాలి, కార్డ్ మీద కాదు. ఏ ఎలిమెంటూ తన వెడల్పు తానే అడిగి తన స్టైల్ మార్చుకోలేదు. ఇది ఇన్నేళ్లు రాకపోవడానికి కారణమూ ఇలాంటి చిక్కే: లోపలి కంటెంట్ వల్ల పెట్టె వెడల్పు మారి, దాన్ని చూసి లోపలి స్టైల్ మారి, దాంతో మళ్లీ వెడల్పు మారితే బ్రౌజర్ ఎక్కడ ఆగాలి? అందుకే కంటైనర్ అయిన డివ్ తన వెడల్పు కోసం లోపలి కంటెంట్‌ని అసలు చూడదు.

టెయిల్‌విండ్ సంగతి వేరే చర్చ. ఒక్క విషయం చెప్తాను, 2025 జనవరిలో వచ్చిన వెర్షన్ 4కి సఫారీ 16.4, క్రోమ్ 111, ఫైర్‌ఫాక్స్ 128 ఉండాలి. పాత ఫోన్ల భయంతో అటు వెళ్తే భయం పెరుగుతుందే కానీ తగ్గదు.

బీటీఎం టెస్టర్
నేను రోజూ పాత ఫోన్లలోనే టెస్ట్ చేస్తాను కాబట్టి చెప్తున్నా, పాత ఫోన్ అనగానే అందరూ ఆండ్రాయిడ్ అనుకుంటారు, నిజానికి ఇబ్బంది అక్కడ తక్కువ. క్రోమ్ ప్లే స్టోర్ నుంచి విడిగా అప్‌డేట్ అవుతుంది. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లు క్రోమ్ 138 దాకా వచ్చాయి, ఆండ్రాయిడ్ 7 కూడా 119 దాకా వచ్చింది. కంటైనర్ క్వెరీలు, హ్యాజ్ సెలెక్టర్ (లోపల ఏముందో చూసి ఎలిమెంట్‌ని ఎంచుకునేది), సబ్‌గ్రిడ్, నెస్టింగ్ (రూల్ లోపల రూల్ రాయడం) అనే ఈ సీఎస్ఎస్ ఫీచర్లన్నీ 119లోనే ఉన్నాయి. చూసుకోవాల్సింది ఐఫోన్. 6ఎస్, 7, మొదటి ఎస్ఈ ఐఓఎస్ 15 దగ్గర ఆగిపోయాయి, వాటిలో కంటైనర్ క్వెరీలు రావు, క్రోమ్ వేసుకున్నా లోపల సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే.

అయినా పేజీ పాడవదు. ముందు ఇరుకు కార్డ్‌ని మామూలు స్టైల్‌గా రాయండి, వెడల్పు కార్డ్‌ని కంటైనర్ క్వెరీ లోపల రాయండి. ఆ బ్లాక్ అర్థం కాని బ్రౌజర్ దాన్ని వదిలేస్తుంది, అంతే, ఐఫోన్ 7లో ఎక్కడైనా ఇరుకు కార్డే కనిపిస్తుంది. హ్యాజ్ విషయంలో మాత్రం జాగ్రత్త, కామాతో వేరే సెలెక్టర్ల పక్కన పెడితే అది తెలియని బ్రౌజర్ రూల్ మొత్తాన్ని పారేస్తుంది. విడిగా రాయండి.

సాస్‌ని ఇప్పుడే కదపొద్దు. సాస్‌లో ఆంపర్‌సాండ్ పక్కన హైఫన్ పెట్టి క్లాస్ పేరు అతికిస్తాం చూడండి, బ్రౌజర్ సొంత నెస్టింగ్‌లో అది కుదరదు, పాత కోడ్‌లో అలాంటివి చాలా ఉంటాయి.

హెబ్బాల్ యూఐ
డాష్‌బోర్డ్‌లో తెలుగు, కన్నడ ఉంటే ఇంకో మాట. డిజైన్ ఇంగ్లిష్ అక్షరాలతో గీస్తారు, లైన్ హైట్ 1.2 ఇస్తారు, దానికి ఓవర్‌ఫ్లో హిడెన్ తోడైతే "రాష్ట్రం"లో కింది ఒత్తులు తెగిపోతాయి. హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ తెలుగు అని మార్క్ చేసి ఆ భాషకి విడిగా 1.6 దగ్గర పెట్టండి, ఫాంట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. లెటర్ స్పేసింగ్ తెలుగుకి పూర్తిగా తీసేయండి. బటన్‌కి ఎత్తు ఫిక్స్ చేయకండి, ప్యాడింగ్‌తో వదిలేయండి. మన భాషలో పేజీ చదివేవాళ్లకి తెగిన అక్షరాలు చూపించడం నాకు నిజంగా బాధనిపిస్తుంది, రెండు లైన్ల సీఎస్ఎస్‌తో పోయే సమస్య ఇది.

మారతహళ్లి పీజీ
అందరికీ థ్యాంక్స్. ఒక బ్రాంచ్‌లో పెట్టి చూశాను. మధ్యలో బాగా వచ్చింది, కొలిచే జావాస్క్రిప్ట్ తీసేశాను, అదరడం పోయింది. సైడ్‌బార్‌లో మాత్రం కార్డ్ పూర్తిగా మాయమైంది, వెడల్పు సున్నా చూపిస్తోంది. అక్కడ చుట్టూ ఉన్న డివ్ ఫ్లెక్స్ ఐటమ్. ఇంకొకటి, మెనూ డ్రాప్‌డౌన్ పొజిషన్ కూడా జావాస్క్రిప్ట్‌తోనే చేస్తున్నాం, ఒక ఎలిమెంట్‌ని ఇంకోదాని పక్కన నిలిపే సీఎస్ఎస్ యాంకర్ పొజిషనింగ్‌తో దాన్ని కూడా తీసేయొచ్చా?

కోరమంగళ ఫ్రంటెండ్
పైన చెప్పిన రూల్ వల్లే అది. ఫ్లెక్స్ ఐటమ్ మామూలుగా లోపలి కంటెంట్‌ని బట్టి వెడల్పు తీసుకుంటుంది, కంటైనర్ అయ్యాక ఆ దారి మూసుకుపోయింది, సున్నా అయింది. ఆ డివ్‌కి ఫ్లెక్స్ 1 ఇవ్వండి, లేదా విడ్త్ 100 శాతం ఇవ్వండి, వస్తుంది.

డ్రాప్‌డౌన్ ఇప్పుడే ముట్టుకోకండి. యాంకర్ పొజిషనింగ్ క్రోమ్‌లో 2024 నుంచి ఉన్నా సఫారీలో 26 వెర్షన్‌తోనే వచ్చింది, ఐఫోన్ అప్‌డేట్ చేయని వాళ్లకి మెనూ ఎక్కడో తెరుచుకుంటుంది. కార్డ్ తప్పినా చదవొచ్చు, మెనూ తప్పితే పని ఆగిపోతుంది. ముందు కార్డ్ మార్పు ఒక్కటే పీఆర్‌గా (రివ్యూ కోసం) పంపండి, తీసేసిన జావాస్క్రిప్ట్ లైన్లు డిఫ్‌లో లీడ్‌కి కనిపించేలా.