శుభలేఖలో మా ఊరి పేరు ఏం వేయించాలి?

ఏటిగట్టు పిల్ల (ప్రశ్న)

తమ్ముడికి పెళ్లి కుదిరింది. వచ్చే నెలే ముహూర్తం. శ్రీకాకుళం టౌన్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి శుభలేఖల పని నా నెత్తి మీద పడింది. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక ప్రెస్సులో కాగితం, రంగు, వినాయకుడి బొమ్మ అన్నీ పావుగంటలో తేల్చేశాం. ఒక్క లైను దగ్గర మాత్రం మూడు రోజులుగా బండి ఆగిపోయింది. "శ్రీకాకుళం జిల్లా, హిరమండలం మండలం, ఫలానా గ్రామ వాస్తవ్యులు" అని ఉంటుంది చూడండి, ఆ ఫలానా దగ్గర.

ఆ ఊరు ఇప్పుడు నీళ్లలో ఉంది. హిరమండలం రిజర్వాయరు కింద పోయిన ఊళ్లలో మాదొకటి. 2017లో ఖాళీ చేశాం. ఊరి పేరు ఇక్కడ రాయను, చిన్న ఊరు, చెప్తే నేనెవరి కూతురినో మావాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. అమ్మానాన్నలు ఇప్పుడు ముంపు ఊళ్లవాళ్లకి పునరావాసంగా ఇచ్చిన ఆర్ఆర్ కాలనీలో ఉంటున్నారు. నాన్నేమో "మన ఊరి పేరే వేయించు, కాలనీ ఊరేటి?" అని పట్టు. పెళ్లికూతురు వాళ్లది ఆమదాలవలస. ఆ పేరు పట్టుకుని బయల్దేరితే మా చుట్టాలు చెరువులో దిగాలా అని వాళ్ల మేనమామ ఫోన్లో నవ్వాడు. నవ్వులాటకే అన్నాడు, నాన్న చెవిలో పడలేదు, బతికిపోయాం.

మధ్యేమార్గంగా "పూర్వపు ఫలానా గ్రామ వాస్తవ్యులు" అని రాద్దామా అన్నాను. "పూర్వపు అంటే నేను చచ్చిపోయినట్టుంటాది" అన్నాడు నాన్న. ప్రెస్సు కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి, "పోనీ ఊరి ముందు కీ.శే. పెట్టమంటారా మేడం" అన్నాడు. ముందు కోపం వచ్చింది, తర్వాత రిక్షాలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా? ఏం వేయించారు?

పాలకొండ బావ

అక్కా, మీకు ఊరు పోయింది, మాకు జిల్లా మారింది. మా పెద్దక్క పెళ్లి 2019లో. శుభలేఖలో శ్రీకాకుళం జిల్లా. చిన్నక్క పెళ్లి 2023లో. పార్వతీపురం మన్యం జిల్లా. అదే ఇల్లు, అదే సందు, అదే రేకుల షెడ్డు. రెండు కార్డులూ పక్కపక్కన పెడితే మా నాన్న ఊరొదిలి పారిపోయి ఎక్కడో తేలాడనుకుంటారు.

ఇందులో మా పార్వతీపురం మావయ్యను కొట్టేవాడు లేడు. ఆయన పుట్టింది 1948లో, విశాఖపట్నం జిల్లాలో. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాడు. 1979లో విజయనగరం జిల్లా వస్తే అందులోకి వెళ్లాడు. 2022 ఏప్రిల్‌లో మన్యం జిల్లా. "నాలుగు జిల్లాలు తిరిగానురా, ఒక్క రోజు చెప్పులు తొడగలేదు" అంటాడు. ఎక్కడ ఫారం నింపినా పుట్టిన జిల్లా గడి దగ్గర క్లర్కుతో గంటసేపు పంచాయితీ, అదీ సరదాకే.

జిల్లా, మండలం తీసేసి ఊరి పేరొక్కటే వేయించండి. ఊరు తెలిసినవాడికి అది చాలు.

సూటిగా సుబ్బడు

ఇంత ఆలోచన ఎందుకండీ. కార్డు మీద లొకేషన్ క్యూఆర్ కోడ్ వేయించండి. ఎవరూ ఊరి పేరు చదవరు, ముహూర్తం, భోజనాల టైమే చూస్తారు.

విజయనగరం మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాడిని కనుక ముందు మాట సంగతి చూద్దాం. వాస్తవ్యుడు అంటే నివసించేవాడు అని అర్థం. ఎక్కడ కాపురం ఉంటే అక్కడి వాస్తవ్యుడు. ఆ లెక్కన మీ నాన్నగారు కాలనీ వాస్తవ్యులే, పాత ఊరి పేరు పక్కన ఆ మాట పొసగదు. "ఫలానా గ్రామానికి చెందిన" అని వేయించండి. చెందడానికి కాపురంతో పనిలేదు. నేను విజయనగరంలో నలభై ఏళ్లుగా వాస్తవ్యుణ్ణి, చెందింది మాత్రం గరివిడి దగ్గర పల్లెకి.

ఇంకొక సంగతి. మన రెండు జిల్లాల్లో ఊళ్ల పేర్లు చూడండి. ఆమదాలవలస, కొత్తవలస, గదబవలస. వలస లేని మండలం కనబడదు. ఎవరో ఎక్కడినుంచో లేచొచ్చి పాక వేసుకున్న చోటే కదా ఈ పేర్లన్నీ. మీ వియ్యాలవారి ఊరి పేరులోనే వలస ఉంది, వాళ్ల మేనమామకి ఆ మాట గుర్తుచేయండి. గట్టిగా కాదు, నవ్వుతూ.

ఖరగ్‌పూర్ తెలుగోడు

మా తాత రైల్వే వర్క్‌షాపులో పనికి టెక్కలి వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. నాన్న, నేను అక్కడే పుట్టాం. అక్కడ మా వీధంతా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే, మాటల్లో ఏటి, ఎందుకేటి అన్నీ ఉంటాయి. చిన్నప్పుడు ఎవరైనా మీదే ఊరు అంటే టెక్కలి అనేవాణ్ణి, అదెటుంటుందో తెలియకుండానే.

ఇరవై ఆరేళ్లకి మొదటిసారి వచ్చాను. తెల్లవారుజామున రైలు శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు దగ్గర ఆగింది. దిగి బయటికొచ్చి చూస్తే అది ఆమదాలవలస, శ్రీకాకుళం వెళ్లాలంటే మళ్లీ ఆటో ఎక్కాలట. ఈ జిల్లాలో పేరు ఒకచోట, ఊరు ఒకచోట ఉండడం రైల్వే వాళ్లే మొదలెట్టారు. టెక్కలిలో టీ కొట్టు దగ్గర నాలుగు ముక్కలు మాట్లాడేసరికి కొట్టతను "తమరు ఒరిస్సా వాళ్లా?" అన్నాడు. ఖరగ్‌పూర్లో బెంగాలీవాళ్లకి మేం తెలుగోళ్లం, టెక్కలిలో ఒరిస్సావాళ్లం. మా అబ్బాయి పెళ్లి కార్డులో మాత్రం టెక్కలి అనే వేయిస్తాను. మీ నాన్నగారి మాట వినండి.

రాజాం కుర్రాడు

చిన్న డౌటు. హిరమండలం రిజర్వాయరు అంటే గొట్టా బ్యారేజీయేనా? అది ఎప్పటినుంచో ఉంది కదా, 2017లో ఊళ్లు పోవడం ఏంటి?

ఏటిగట్టు పిల్ల

అందరికీ థ్యాంక్స్. ముందు రాజాం తమ్ముడికి. గొట్టా బ్యారేజీ వేరు, అది పాతది. ఇది వంశధార రెండో దశ. నేరడి దగ్గర బ్యారేజీ కడదామంటే ఒడిశాతో తగువు తేలలేదు. అందుకని కాట్రగడ దగ్గర ఏటి పక్కన సైడ్‌వియర్ (వరద నీళ్లు పక్కకి పొర్లే గోడ) కట్టి, వరద నీళ్లని కాలువలో మళ్లించి తెచ్చి హిరమండలం దగ్గర నింపుతారు. 19 టీఎంసీలు పట్టే రిజర్వాయరు అది. నీళ్లు వద్దని మావాళ్లెవరూ అనలేదు. కింద పొలాలున్న మా పెద్దమ్మ వాళ్లకి ఆ నీళ్లే ఆధారం. మా తమ్ముడి విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ మంటే. కటాఫ్ తేదీకి వాడికి పద్దెనిమిది నిండడానికి కొద్ది నెలలు తక్కువయ్యాయి, ముంపు ఊళ్ల యువతకి ఇచ్చే యూత్ ప్యాకేజీ డబ్బు రాలేదు. నాన్న ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి రెండు జతల చెప్పులు అరగదీశాడు. సరే, అది వేరే కథ.

మాస్టారూ, మీరు చెప్పిన అర్థం నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాపురం ఉన్నోడే వాస్తవ్యుడైతే, నేను ఆ గడప లోపలే కదా ఉంటన్నాను" అన్నాడు. ఈ గడప సంగతి మీకు చెప్పాలి.

ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ దూలాలు, వాసాలు, పెంకులు, కిటికీ ఊచలు, ఏది పనికొస్తే అది విప్పుకుని ట్రాక్టర్ల మీద వేసుకున్నారు. నాన్న దూలాలు అమ్మేశాడు. ద్వారబంధం మాత్రం గడపతో సహా ఊడదీయించి తెచ్చాడు. మద్ది చెక్క, మా ముత్తాత నాటిది. గడప మధ్యలో అరిగి అరిగి పల్లెంలా గుంట పడి ఉంటుంది. నాయనమ్మ అక్కడే కూర్చుని చోళ్లు చెరిగేది, మా ఇంటి ఆడవాళ్లందరూ రాసిన పసుపు ఆ చెక్క చారల్లో పేరుకుని, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. కాలనీలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ దాన్ని కొలిచి, "ఇది మీ గోడకి సరిపోదు బాబూ, జానెడు ఎక్కువ" అన్నాడు. నాన్న గోడే ఎత్తు లేపించాడు. ఇప్పుడు వీధిలో అన్ని ఇళ్లూ ఒక ఎత్తు, మా ఇల్లు ఒక జానెడు ఎక్కువ. లోపల టైల్స్ పల్లంగా, గడప ఎత్తుగా. కొత్తవాళ్లు ఎవరొచ్చినా కాలు తట్టుకుంటారు. మొన్న పెళ్లికూతురు నాన్నగారు కూడా తట్టుకున్నారు, నిశ్చయ తాంబూలాల రోజునే. అమ్మ మొహం చూడాలి.

పైకి ఇది శుభలేఖ గొడవలా ఉంది కానీ అసలు గొడవ పిలుపులది. మా ఊళ్లో పెళ్లంటే అమ్మ, పిన్ని కుంకుమ భరిణె పట్టుకుని వీధి ఈ చివర మొదలుపెడితే రెండు గంటల్లో ఆ చివరికి, ఊరంతా బొట్టు పెట్టేసి వచ్చేసేవారు. ఇప్పుడు ఆ వీధి మూడు కాలనీల్లో పడింది. ఎదురింటి వాళ్లు ఒక కాలనీ, పక్కింటి వాళ్లు ఇంకో కాలనీ. కొందరు ప్యాకేజీ డబ్బుతో విశాఖ వెళ్లిపోయారు. ఊరు పిలవాలంటే ఆటో మాట్లాడుకోవాలి, అదీ రెండు రోజులకి. ఆటోవాడు "ఏ ఊరెళ్లాలమ్మా" అంటే అమ్మ పాత ఊరి పేరు చెప్పిందట. అలవాటు. వాడు చిన్నవాడు, తెల్లమొహం వేశాడు. తర్వాత అమ్మే నవ్వి కాలనీల పేర్లు చెప్పింది.

సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు కూడా ఇదే తంటా. మొదటి ఏడాది నాన్న బట్టలు తీసుకుని కట్ట మీదకి వెళ్లి, అటు తిరిగి పెట్టి వచ్చాడు. "మీ తాత కొత్త ఇంటికి దారి ఎరగడు" అన్నాడు. రెండో ఏడు నుంచి ఇంట్లోనే పెడుతున్నాం. తాత దారి తెలుసుకున్నాడనుకోవాలి.

పాలకొండ బావ

మీ నాన్న చెప్పిందే రైటు అక్కా. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మండలం పేరు కూడా వేయించండి, అన్నీ వేయించండి.

విజయనగరం మాస్టారు

గడప లోపల ఉన్నవాడే వాస్తవ్యుడు అన్న మీ నాన్నగారి వ్యాఖ్యానం నా నిఘంటువులో లేదు. ఒప్పుకుంటున్నాను. "వాస్తవ్యులు" అనే ఉంచండి. నన్ను శుభలేఖలో తప్పులు పట్టే మాస్టారిగా మాత్రం వాళ్లకి పరిచయం చేయకండి.

ఏటిగట్టు పిల్ల

కార్డులు వచ్చేశాయి. పైన "శ్రీకాకుళం జిల్లా, హిరమండలం మండలం" అని, దాని కింద మా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో, "గ్రామ వాస్తవ్యులు". పూర్వపు లేదు, ముంపు లేదు, బ్రాకెట్లు లేవు. కింద చిన్న అక్షరాల్లో "విందు: స్వగృహము నందు" అని కాలనీ పేరు. ఆమదాలవలస మేనమామ చదివి ఏమీ అనలేదు. మాస్టారి వలస మాట చెప్పే అవసరం రాలేదు, దాచుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తుంది.

మొదటి కార్డు అమ్మవారికి పెట్టాం. అమ్మవారిని ఊరు ఖాళీ చేసినప్పుడే కాలనీకి తెచ్చి చిన్న గుడి కట్టారు. గుడి ముందు నాటిన రావిమొక్క ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది.

సుబ్బడు గారూ, మీ మాట కూడా విన్నాం. కార్డు వెనక క్యూఆర్ కోడ్ ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ నల్ల గళ్లని కాసేపు చూసి, "ఇది ఏ ఊరు తీసుకెళ్తాది?" అన్నాడు. కాలనీకి నాన్నా అన్నాను.

"అయితే సరే. భోజనాలు అక్కడే కదా."