‘గురి’ అనే మాట సెన్సర్ గైడులో ఇముడుతుందా?

పాలిటెక్నిక్ పిల్లల కోసం వీఎల్53ఎల్0ఎక్స్ అనే లేజర్ దూరం కొలిచే సెన్సర్ మీద తెలుగులో చిన్న గైడు రాస్తున్నాను. ‘రిలయబుల్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. ‘విశ్వసనీయ కొలత’ తప్పు కాదు గానీ వర్క్‌షాపులో ఎవరి నోటా రాదు. నా మనసు ‘గురి’ వైపే లాగుతోంది. బాణం వేసేటప్పుడు గురి చూస్తాం. ‘ఆ డాక్టరు మీద నాకు గురి కుదిరింది’ అన్నప్పుడు అదే మాట నమ్మకం అవుతుంది. సెన్సర్‌కి ఈ రెండు గురులూ కావాలి.

గురి చూడటమే ముందు కష్టం. దీని చూపు చుక్కలా పడదు, సుమారు 25 డిగ్రీల మేర విచ్చుకుంటుంది. మీటరు దూరంలో అది దాదాపు 44 సెంటీమీటర్ల వలయం. బల్ల మీది చిన్న డబ్బా ఎత్తు కొలుద్దామని సెన్సర్‌ని మీటరు పైన బిగిస్తే, డబ్బా మీది వెలుగూ చుట్టూ ఉన్న బల్ల మీది వెలుగూ కలిసి తిరిగొస్తాయి. వచ్చే అంకె డబ్బాదీ కాదు, బల్లదీ కాదు. సెన్సర్‌ని బాగా కిందికి దించాల్సిందే.

ఇక గురి కుదరడం. తెల్ల కాగితం మీద రీడింగ్ హాయిగా వస్తుంది. నల్ల రబ్బరు వెలుగును మింగేస్తుంది, వాలుగా ఉన్న మెరిసే స్టీలు రేకు పక్కకి పంపేస్తుంది. ఒక్కో కొలతకి ఇచ్చే సమయం 33 నుంచి 200 మిల్లీసెకన్లకి పెంచితే అంకెల ఊగిసలాట తగ్గుతుంది. దీన్నే ‘గురి కుదిరింది’ అని రాయొచ్చా?

జవాబు: మాట చక్కగా ఉందండీ, కానీ ఆ చివరి చోట వాడకండి. టేపుతో చూస్తే 500 మిల్లీమీటర్లు, సెన్సర్ మాత్రం ప్రతిసారీ 512 అంటోందనుకోండి. అంకె ఊగట్లేదు, అయినా తప్పే. ఎంత సమయం ఇచ్చినా, ఎన్ని రీడింగుల సగటు తీసినా ఆ 12 పోదు. ఊగకపోవడాన్ని ‘నిలకడ’ అనండి. ఒకే పక్కకి ఒరిగే ఆ తేడాకి త్రాసు దగ్గర మనవాళ్లనే ‘మొగ్గు’ సరిపోతుంది.

పోస్టు పెట్టినవారు: ‘మొగ్గు’ నాకు తట్టనే లేదు, ఎంత బాగుందో! అయితే గైడులో ఇలా మారుస్తున్నాను: ‘తెల్ల అట్టను సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి మొగ్గు ఎంతో చూడండి, ఆ మేరకు ఆఫ్‌సెట్ (ప్రతి కొలతకీ కలిపే లేదా తీసేసే అంకె) సరిచేయండి. సెన్సర్ ముందు గాజు పలక బిగిస్తే దాని మీంచి తిరిగొచ్చే వెలుగుకి విడిగా క్రాస్‌టాక్ క్యాలిబ్రేషన్ (ఆ వెలుగు వల్ల వచ్చే తప్పును సరిచేయడం) చేయండి. మొగ్గు పోయి, నిలకడ వచ్చాకే కొలత మీద గురి కుదురుతుంది.’

ఇంకో జవాబు: ‘ఆఫ్‌సెట్’, ‘క్రాస్‌టాక్’ అలాగే ఉంచండి. పిల్లలు కోడ్‌లో వెతికేది ఆ పేర్లతోనే.