వీరగల్లు అందామా, సమాధి అందామా?

యుద్ధంలో చనిపోయిన సైనికులను పూడ్చిన చోటును తెలుగులో 'వీరగల్లుల వాటిక' అందామా అని పోయిన వారం మన బృందంలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే ఆదివారం గుత్తిలో కోట అడుగున ఉన్న ఆంగ్లేయుల సమాధుల దాకా నడిచాను. దారి అడిగితే ఒక పెద్దాయన, "దొరల గోరీలా నాయనా? కొండ వైపు పో, కనిపిస్తాయి" అన్నారు.

ముందు మాట సంగతి. వీరగల్లులో కల్లు అంటే రాయి. ఒంటరిగా వాడడం మానేశాం కానీ, పెళ్లిలో తొక్కే సన్నికల్లులో అది ఇంకా ఉంది. కూర పక్కన కాయ 'గాయ' అయినట్టే, వీర పక్కన కల్లు 'గల్లు' అయింది. తాగే కల్లుతో దీనికి చుట్టరికం లేదు. తమిళంలో రాయి 'కల్', పానీయం 'కళ్'. మన నోట రెండూ ఒకటైపోయాయి.

వీరగల్లు మీద సాధారణంగా కింద పోరు, పైన వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, ఆ పైన శివలింగం ఉంటాయి. అంటే అది పోరులో పడినవాడి రాయి. ఎలా చనిపోయాడన్నది ఆ మాటలోనే ఉంది.

గుత్తిలో నన్ను ఆపేసింది ఇదే. 1827 జూలై 6న పత్తికొండలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో చనిపోయాడు, కలరాతో. ఈ గుత్తిలోనే పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. జనం ప్రేమతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మనిషి. అయినా ఆయన సమాధిని వీరగల్లు అనలేం. తల ఎత్తితే కోట. 1776లో హైదరాలీ ముట్టడిలో నీళ్లు అయిపోయి, గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు లొంగిపోయింది అక్కడే. ఆ ముట్టడిలో పడినవాళ్లకు వీరగల్లు తగును. వాళ్ల పేరిట ఒక్క రాయి కూడా నాకు కనిపించలేదు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

'సమాధి' కూడా మొదట యోగి మనసు నిలిచే స్థితి. యోగులను కాల్చకుండా పూడ్చడంతో ఆ గుంతకే పేరయింది. గోరీ పారసీకపు 'గోర్'. ఈ రెండు మాటలూ చావు ఎలా వచ్చిందో చెప్పవు.

ఒక సభ్యురాలు: కారంపూడిలో పల్నాటి వీరుల చోటును వీర్ల గుడి అంటాం కదండీ. అది ఎందుకు పనికిరాదు?

నా జవాబు: మంచి మాట గుర్తు చేశారమ్మా. అక్కడ చనిపోయినవాళ్లు దేవుళ్లయ్యారు, ఏటా కార్తికంలో ఉత్సవం జరుగుతుంది. కొలిచేవాళ్లు ఉన్నారు కాబట్టి గుడి అయింది. పరాయి నేల మీద పడిన సైనికుడిని అలా కొలిచేవాళ్లు ఉండరు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో పడిన సైనికులను పూడ్చిన కోహిమా వంటి చోట్లకు 'సైనికుల సమాధులు' చాలంటాను. గుత్తికి మాత్రం ఆ పెద్దాయన మాటే ఉంచుదాం, దొరల గోరీలు.