పాచి, గార ఒకటేనా?

పోస్టు: అమలాపురంలో పంటి డాక్టరుగారి గది బయట గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ‘దంత ఫలకము గట్టిపడి దంత శిలగా మారును’ అట. రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. లోపల డాక్టరుగారు నా చేతికి అద్దమిచ్చి, ‘ఇదిగోనండీ గార, దాని మీద పాచి’ అన్నారు. వెంటనే అర్థమైంది. ఇంతకీ కాలువ రేవులో పాచి, పళ్ల మీద పాచి ఒకే మాటా? ఈ గార గోడకు పూసే గారేనా?

వ్యాఖ్య: ఒకే మాటనుకుంటానండీ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా రేవు చూడండి. పై మెట్టు మీద పాచి పచ్చగా ఎండి అట్టకట్టి ఉంటుంది. అడుగు మెట్టు సందులో పుల్ల పెట్టి తీస్తే నల్లటి జిగురు, మురిగిన గుడ్డు వాసన. గాలి తగిలే చోట బతికేవి వేరు, తగలని చోట బతికేవి వేరు. చిగుళ్ల జబ్బులోనూ అంతే. పంటి పైభాగాన ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ రకాల బ్యాక్టీరియా కాపురముంటాయి. చిగురు పంటిని వదిలేసిన లోతు సందుల్లో ఆక్సిజన్ గిట్టనివి చేరతాయి: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా. 1998లో దంత పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం ఈ మూడింటినీ కలిపి ‘ఎర్ర గుంపు’ అంది. అందుకే ఒకే నోట్లో ఒక పంటి దగ్గర ఇవి కిక్కిరిసి ఉంటాయి, పక్క పంటి దగ్గర అంతంతమాత్రం.

వ్యాఖ్య: పాచి నోరంటే పొద్దున్నే కడగని నోరు. అది అందరికీ ఉండేదే, జబ్బు కాదు. కాగితం రాసినవారు ఆ మాటకు మొహమాటపడి ‘ఫలకము’ వెతుక్కున్నట్టున్నారు.

వ్యాఖ్య: గార సంగతి నేను చెబుతాను. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు పాచిలో దిగి బిగుసుకుంటే గార. కింది ముందు పళ్లకు లోపలివైపు, పై దవడ పళ్లకు బుగ్గవైపు ఎక్కువ పడుతుంది. లాలాజలం ఊరి వచ్చే నాళాలు తెరుచుకునేది అక్కడే మరి. ఆ గరుకు మీద మళ్లీ కొత్త పాచి. గోడ గారలో సున్నం చివరికి కార్బనేటు అవుతుంది, పంటి గార ఫాస్ఫేటు. ఆ తేడా చెప్పినా మా మేస్త్రి పేరు మార్చడు.

పోస్టు పెట్టినవారు: అడుగు మెట్టు సందు మాట బాగుందండీ. డాక్టరుగారు సన్నటి కొలత కడ్డీ చిగురు కింద పెట్టి అంకెలు చదివారు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా మామూలేనట. 2, 3, 2 అంటూ వెళ్లి, కింద కుడి చివరి పంటి దగ్గర ఆగి 6 అన్నారు.