ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఓడిపోవడమేంది? అమెరికా లెక్క ఎవరైనా విడమరిచి చెప్పండి

అనంత_గ్రూప్స్:
అందరికీ నమస్తే. మాది అనంతపురం, గ్రూప్-2కి చదువుతున్నా. నిన్న రాత్రి అన్నం దగ్గర మా మామతో పెద్ద వాదన. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి, అయినా ఓడిపోయింది అని చెప్తే ఆయన నమ్మడే. "సర్పంచ్ ఎలక్షన్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే కదమ్మా, అంత పెద్ద దేశంలో అది లేదా" అంటాడు. 538, 270 అని బట్టీ పట్టాను కానీ ఎందుకలా అని అడిగేసరికి నోరు పెగల్లేదు.

కర్నూలు_సోషల్_టీచర్:
అమ్మా, ముందు ఒక మాట మామకు చెప్పు. అక్కడ దేశమంతా కలిపి ఒక ఎన్నిక జరగదు. 50 రాష్ట్రాల్లో, రాజధాని వాషింగ్టన్‌లో కలిపి 51 ఎన్నికలు ఒకే రోజు జరుగుతాయి. ప్రతి రాష్ట్రానికీ కింది సభలో ఎన్ని సీట్లున్నాయో వాటికి పై సభ సెనేట్ సీట్లు రెండు కలిపితే అన్ని ఎలక్టోరల్ ఓట్లు, అధ్యక్షుడెవరో తేల్చేది అవే. 435కు 100 కలిపి, రాజధానికి 3 కలిపితే నీ 538. గెలవాలంటే అందులో సగానికి ఒకటి ఎక్కువ, 270.

అసలు మెలిక ఇంకోటి. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు తప్ప మిగతా అన్ని చోట్లా, ఆ రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ వాళ్లకే. అంటే మీ మామ చెప్పిన సర్పంచ్ లెక్కే, కాకపోతే రాష్ట్రం రాష్ట్రానికీ విడివిడిగా. 2016లో క్లింటన్ ఒక్క కాలిఫోర్నియాలోనే 42 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది, అంటే దేశం మొత్తంలో ఆమెకొచ్చిన ఆధిక్యం కంటే ఎక్కువ. కానీ ఒక్క ఓటుతో గెలిచినా అక్కడ వచ్చేవి అవే 55. ట్రంప్ మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి సుమారు 78 వేల ఓట్ల తేడాతో 46 ఎలక్టోరల్ ఓట్లు పట్టుకుపోయాడు. అక్కడే తేలిపోయింది. 2000లోనూ ఇంతే, అల్ గోర్‌కు దేశంలో 5 లక్షలకు పైగా ఎక్కువొచ్చాయి, బుష్ ఫ్లోరిడాలో 537 ఓట్లతో గట్టెక్కి 271 దగ్గర ఆగాడు.

కడప_ఏడురోడ్లు:
అక్కా, అంత దూరం ఎందుకు, మన అసెంబ్లీ ఫలితాలు చూపించండి మామకు. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు. 2024లో వైసీపీకి దాదాపు అదే 39 శాతం, సీట్లు 11. ఏ పార్టీ అభిమాని అయినా ఈ రెండూ పక్కపక్కన రాసుకుని చూడాలి. ఓడిన చోట పడ్డ ఓట్లు, అవసరానికి మించి గెలిచిన చోట పడ్డ ఓట్లు రెండూ లెక్కలోకి రావు. నా మట్టుకు ఇది అన్యాయమే. మా అవ్వ ఎండలో రెండు గంటలు నిలబడి వేసిన ఓటుకు, పక్క నియోజకవర్గం ఓటుకు ఒకే బరువుండాలి.

ప్రొద్దుటూరు_టు_డాలస్:
తమ్ముడూ, నాకు ఇక్కడ ఓటు లేదు కానీ పక్క సీట్లో పనిచేసేవాళ్ల బాధ రోజూ వింటా. టెక్సాస్‌లో డెమోక్రాట్లకు, అంటే క్లింటన్ పార్టీకి ఓటేసేవాడు "నాది ఎటూ పోయే ఓటే" అంటాడు. ప్రచారం కూడా అంతే, అభ్యర్థులు పెన్సిల్వేనియా చుట్టూ తిరుగుతారు, మా వైపు చందాల కోసం వస్తారు. మార్చడం కూడా తేలిక కాదు, రాజ్యాంగ సవరణ కావాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. చిన్న రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకుంటాయి? వయోమింగ్‌లో ఆరు లక్షల జనం కూడా లేరు, 3 ఎలక్టోరల్ ఓట్లున్నాయి.

అయితే ఒకటి, ప్రతిసారీ ఇలా తిరగబడదు. 2024లో ట్రంప్‌కు ఎలక్టోరల్ ఓట్లు 312 వచ్చాయి, జనం ఓట్లు కూడా ఆయనకే ఎక్కువ.

ఇల్లూరు_దగ్గర:
మన రాష్ట్రపతిని కూడా మనం నేరుగా ఎన్నుకోం కదా, ఆ మాట ఎవరూ ఎత్తలేదే. ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు, ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్ర జనాభాను బట్టి ఉంటుంది. మన జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయ్యుండి, ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం మేరకు ఓటెయ్యండి అనడంతో, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికలో అభ్యర్థులకు 1, 2 అని వరుస ఇస్తారు; మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు, రెండో ప్రాధాన్యం లెక్కపెడితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. 1977లో ఆయనే ఏకగ్రీవం. మా నాయన ఆ రెండు సంగతులూ చెప్పేటప్పుడు మొదటిదాని దగ్గర గొంతు తగ్గించేవాడు.

అనంత_గ్రూప్స్:
అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున ఉగ్గాని తింటున్న మామ ముందు నోట్‌బుక్ పెట్టి మూడు రాష్ట్రాల లెక్క వేసి చూపించా. ట్రంప్ నుంచి ఆ 46 తీసి క్లింటన్ 232కు కలపమన్నా, ఆయనే కూడాడు, 278 వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మన ఎమ్మెల్యే ఓటు విలువ కూడా వేశాం: 1971 జనాభా 2 కోట్ల 78 లక్షలు, దాన్ని మన 175 మంది ఎమ్మెల్యేలతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే 159. "1971 జనాభా ఇప్పుడెందుకే" అని అడిగాడు. దానికి జవాబు సాయంత్రం చెప్తానన్నా, ఎవరైనా రాయండి ప్లీజ్.